జిప్పులక్క పంచి ఇచ్చిన పని

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. కానీ ఆ పేరు షాపు మీద లేదు, ఇంటి తలుపు మీద లేదు, కట్టుకున్నవాడి నోట కూడా ఎవరూ విన్నది లేదు. మేడమెట్ల కింద గదిలో కూర్చుని వీధి వీధంతటి జిప్పులూ బాగుచేస్తుంది కాబట్టి ఆమె జిప్పులక్క. చిన్నపిల్లలకూ అక్కే, కర్ర పట్టుకుని నడిచే ముసలాయనకూ అక్కే.

ఆ గది ఎంత ఇరుకంటే, మిషను ముందు నుంచి లేవాలంటే స్టూలును వీధిలోకి నెట్టి లేవాలి. పైన మెట్లెక్కేవాళ్ళ చెప్పుల చప్పుడు బట్టి ఎవరు వెళ్తున్నారో, కోపంగా వెళ్తున్నారో సరదాగా వెళ్తున్నారో చెప్పేస్తుంది. గోడకు వరసగా పాత పౌడరు డబ్బాలు. ఒక దాన్లో జిప్పును అటూ ఇటూ లాగే పెద్ద రన్నర్లు, ఒక దాన్లో చిన్న రన్నర్లు, ఒక దాన్లో పళ్ళూడిన జిప్పులు. జిప్పు బిగుసుకుపోయిందని ఎవరైనా సంచి తెస్తే ముందు కొవ్వొత్తి ముక్క తీసి పళ్ళ మీద రుద్దుతుంది. అది కదిలితే నవ్వి పంపించేస్తుంది, కదలకపోతే నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని పనిలో దిగుతుంది. సూదులు నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడదు. వచ్చినవాళ్ళు ఆ సమయం చూసుకునే తమ ఇంటి కష్టాలన్నీ చెప్పుకుని పోతారు. అడ్డు తగిలేవాళ్ళు లేరు కదా.

ఇన్నేళ్ళూ ఆమె చేసిందల్లా ఎవరో కుట్టిన సంచికి మరమ్మతు. సంచి ఎవరిదో, పేరు ఎవరికో, తిట్లు మాత్రం ఆమెకు. "పోయినేడు వేశావు, అప్పుడే ఊడిందేమిటక్కా" అని. ఆ జిప్పు ఊడలేదనీ, గుడ్డే చివికిపోయిందనీ ఎంత చెప్పినా ఎవరికీ ఎక్కదు. ఒకసారి ఒక పిల్ల బడిసంచి ఎక్కడ పట్టుకున్నా చేతికి ఊడి వస్తుంటే విసుగెత్తి, దాని జిప్పు మాత్రం తీసుకుని, మిగతాదంతా కొత్త గుడ్డతో తానే కుట్టి ఇచ్చింది. ఆ పిల్ల వెనక బెంచీ పిల్ల వచ్చింది. దాని వెనక ఇంకొకతె. చివరకు పెద్ద బజారులో బడి సామాన్ల షాపు పెట్టుకున్న పెద్దాయన తన మనవరాలి వీపున ఆ సంచి చూసి, తిప్పి చూసి, లోపల కుట్లు చూసి, వెతుక్కుంటూ మెట్ల కిందకు వచ్చాడు.

"ఈసారి బడులు తెరిచేనాటికి నా షాపుకి నువ్వే కుట్టివ్వమ్మా," అన్నాడు. "ఇవి నిలబడ్డాయంటే ఏడాది పొడుగునా నీ సంచులే పెడతాను. నిలబడలేదంటే మాత్రం నన్ను తప్పు పట్టకు, ఎప్పుడూ తెచ్చేచోటే తెచ్చుకుంటాను."

ఆయన వెళ్ళాక జిప్పులక్క చాలాసేపు ఊరికే కూర్చుంది. తాను కుట్టిన సంచులు షాపులో వరసగా వేలాడతాయి. ఎక్కడెక్కడి పిల్లలో వాటిని వేసుకుని పరుగెత్తుతారు. ఆ ఊహ ఆమెకు ఎంత తియ్యగా ఉందంటే, ఎదురుగా నిలబడ్డ మనిషి జిప్పు గురించి అడుగుతుంటే రెండుసార్లు "ఊ" అని మూడోసారి "ఏమన్నారు?" అంది. ఈ పని జారిపోతే మళ్ళీ పౌడరు డబ్బాలే. ఆ మాట తలచుకోవడానికి కూడా ఆమెకు మనసొప్పలేదు.

కానీ అన్ని సంచులు ఒంటిచేత్తో అయ్యేవి కావు. ఆ సంగతి ముందు కనిపెట్టింది ఆమె భర్త. ఆయన బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంట్లో మంచం మీద గుడ్డ, కుర్చీ మీద గుడ్డ, కంచాల బల్ల మీద గుడ్డ. కూర్చోవడానికి చోటు లేక గుమ్మంలోనే నిలబడి అన్నాడు:

"ఏమోయ్, బస్సు నడిపేవాడే టికెట్లు కూడా కొట్టాలంటే ఆ బస్సు డిపో దాటదు. కొంత పని ఎవరికైనా ఇయ్యి."

"ఎవరికివ్వమంటారు?"

"మా చెల్లెలు లేదూ? కుట్టుపనిలో నీకేం తీసిపోదు."

ఆయన చెల్లెలు, అంటే జిప్పులక్క ఆడపడుచు, వీధికి అవతలి పక్క ఇంట్లోనే ఉంటుంది. పెళ్ళికి ముందు చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టిన మనిషి. చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు. మిషను తొక్కుతుంటే పక్కన రేడియో మోగాలి, చెవిలో ఫోను ఉండాలి, కిటికీలోంచి ఎవరో ఒకరు పలకాలి. వదినా ఆడపడుచులిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణమే గానీ, కుట్టు విషయంలో మాత్రం జిప్పులక్కకు లోలోపల ఒక అనుమానం. నోరూ మిషనూ ఒకేసారి నడిపే మనిషి కుట్టు తిన్నగా ఎలా వస్తుందని.

అయినా వేరే దారి లేదు. సంచి ముందుభాగం, జిప్పు, జేబులు తన దగ్గర ఉంచుకుంది. వీపుకు ఆనుకునే భాగం, దానికి భుజం పట్టీలు బిగించే పని ఆడపడుచుకు ఇచ్చింది. గుడ్డ కత్తిరించి, కట్టగట్టి, పట్టుకెళ్ళి ఆమె గుమ్మంలో పెట్టి "ఇవి కుట్టు" అంది. ఆడపడుచు ఫోను చెవికి ఆనించుకునే "అలాగే వదినా" అంది. పని పంచుకోవడం అంటే అంతేననుకుంది జిప్పులక్క.

మొదటి కట్ట కుట్టి తిరిగి వచ్చిన రోజున ఆమె ఒక్కొక్క పట్టీనీ రెండు చేతులా పట్టుకుని లాగింది. ఊడలేదు. మళ్ళీ లాగింది. ఊడలేదు. అయినా మనసు కుదుటపడలేదు. పట్టీ మొదట్లో ఆడపడుచు ఒక చదరం కుట్టి, మధ్యలో ఒక గీత వేసి వదిలేసింది. తానైతే చదరం లోపల అటూ ఇటూ అడ్డంగా వేసి, దాని మీద మళ్ళీ ఇంకో వరస వేస్తుంది. పిల్ల పుస్తకాల బరువంతా అక్కడే కదా పడేది. 'పోనీలే, బానే ఉంది' అనుకుంటూ ఒక దాన్ని పక్కన పెట్టింది. తర్వాత దాన్నే మళ్ళీ తీసి బ్లేడుతో కుట్టు విప్పింది. తన పద్ధతిలో కుట్టాక ప్రాణం హాయిగా అనిపించింది. అలా రెండోదీ విప్పింది.

అక్కడ పట్టుకుంది ఆ పిచ్చి. మధ్యాహ్నం భోజనాలవేళ వీధి సద్దుమణిగితే చాలు, షట్టరు సగం దించి, ఆడపడుచు పొద్దున కుట్టి ఇచ్చినవన్నీ విప్పడం, తిరిగి కుట్టడం. ఎవరైనా "అదేమిటక్కా, పని పంచుకున్నాక కూడా తీరిక లేదా" అని అడిగితే, "ఎక్కడమ్మా" అని నిట్టూర్చేది. నడుము పట్టేసింది. కళ్ళు మండాయి. ఒక రోజు చక్కగా వేడి చేసుకున్న భోజనం మిషను మీదే మరచిపోతే ఈగలు తిన్నాయి. పని ఆడపడుచుకు పంపకముందు ఎంతసేపు కుట్టేదో, పంపాక అంతకు మించి కుడుతోంది. ఆ లెక్క మాత్రం ఆమెకు తట్టలేదు. పైగా ఆడపడుచు ఎదురుపడితే "భలే కుడుతున్నావమ్మడూ" అని మెచ్చుకునేది. మెచ్చుకోలు విని ఆ పిల్ల ఇంకొంచెం ఎక్కువ కుట్టి పంపేది. విప్పే పని ఇంకొంచెం పెరిగేది.

ఒక మధ్యాహ్నం ఆడపడుచుకు గుర్తులు పెట్టే సుద్దముక్క అయిపోయింది. వదిన దగ్గర ఉంటుందని వీధి దాటి వచ్చింది. సగం దించిన షట్టరు కింద నుంచి వంగి లోపలికి తల పెట్టింది. పెట్టిన తల పెట్టినట్టే ఉండిపోయింది. జిప్పులక్క ఒళ్ళో పట్టీ, చేతిలో బ్లేడు, కాళ్ళ దగ్గర నీలం దారం పోగులు కుప్పగా పడి ఉన్నాయి. ఆ నీలం దారం ఆడపడుచు ఇంటి దారమే.

"ఏం చేస్తున్నావు వదినా?"

జిప్పులక్క నోటి నిండా సూదులు. ఏదో గొణిగింది.

"ముందు ఆ సూదులు తీసి మాట్లాడు. మింగితే నా మీదకొస్తుంది."

సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది జిప్పులక్క. ఎంత నెమ్మదిగా గుచ్చాలో అంత నెమ్మదిగా గుచ్చింది. "ఏం లేదమ్మడూ. ఇంకొంచెం గట్టిగా ఉంటుందని..."

"నాది మెత్తగా ఉందా?"

"మెత్తగా అని కాదు."

"మరి?"

జిప్పులక్క ఒళ్ళో పడ్డ దారం పోగులు దులుపుకుంది.

"ఎన్ని విప్పావు?" ఆడపడుచు గోడవారన దొంతరగా పెట్టిన సంచుల వంక చూసింది. ఒకటి తీసి తిప్పింది. ఇంకొకటి తీసింది. "అన్నీనా?"

జిప్పులక్క తల దించుకుంది.

"వంటా వార్పూ తెల్లారగట్లే ముగించుకుని నేను కూర్చుని కుట్టేది, మధ్యాహ్నం నువ్వు కూర్చుని విప్పుకోవడానికన్నమాట," అంది ఆడపడుచు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండుననిపించింది జిప్పులక్కకు. "ఎలా కావాలో ఒక్క మాట అంటే అలాగే కుట్టేదాన్ని కదా. ఫ్యాక్టరీలో మా సూపర్వైజరు నచ్చకపోతే కాలరు తెచ్చి మొహాన కొట్టేవాడు. అంతేగానీ నన్ను మెచ్చుకుని, చాటుకెళ్ళి విప్పేవాడు కాదు."

సుద్దముక్క అడగకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఆడపడుచు మొగుడు కట్ట మోసుకొచ్చాడు. సగం కుట్టినవి, అసలు కుట్టనివి, మిగిలిన దారం ఉండలు, అన్నీ. "ఇవి ఇచ్చి రమ్మంది అక్కయ్యా. మిమ్మల్ని ఏమీ అడగొద్దంది. అందుకని అడగడం లేదు," అన్నాడు. అని, అక్కడే నిలబడ్డాడు. చెబుతుందేమోనని కాసేపు పౌడరు డబ్బాలు చూశాడు, కాసేపు పైకి మెట్లు చూశాడు. జిప్పులక్క నోరు విప్పకపోయేసరికి పాపం ఏ కబురూ లేకుండానే ఇంటికి పోయాడు.

ఆ రోజంతా జిప్పులక్కకు కోపం. ఎవరి మీదో తెలియని కోపం. బరువు పడితే తెలుస్తుంది ఎవరిది గట్టిదో, అనుకుంది. భర్త ఆ రోజు ఇంటిపట్టునే ఉన్నాడు. ఆయన్ని పిలిచి, తిరిగి వచ్చిన కట్టలోంచి తాను ముట్టుకోని పట్టీల ముక్క ఒకటి, తన దగ్గర ఉన్నవాటిలో విప్పి కుట్టినది ఒకటి తీసి, రెండింటినీ షట్టరు కొక్కేలకు వేలాడదీయించింది. కింద రెండు గుడ్డమూటలు కట్టి బరువులు వేయమంది. ఇస్త్రీపెట్టె ఒక దాన్లో, దానికి సరితూగే ఆయన స్పానర్ల సంచి ఇంకొక దాన్లో, ఆపైన రెంటికీ సమానంగా నీళ్ళ సీసాలు.

"దేనికోయ్ ఇదంతా?"

"మీ చెల్లెలికి చూపించడానికి."

"చూపించడానికి తను రావాలిగా," అంటూనే ఆయన రెంటిలోనూ ఇంకో సీసా పెట్టాడు.

'చర్రు'మని చప్పుడైంది. స్పానర్లు నేలమీద చెల్లాచెదురయ్యాయి. ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు కాబట్టి సరిపోయింది. తెగింది జిప్పులక్కదే.

ఆమె నమ్మలేక దగ్గరకు వెళ్ళి చూసింది. దారం తెగలేదు. కుట్టు ఊడలేదు. ఎక్కడ కుట్టింది అక్కడ ఉంది. కుట్టు వెంబడి గుడ్డే చినిగింది, తపాలా బిళ్ళల కాగితం చుక్కల దారిన చినిగినట్టు. ఆ గుడ్డకు లోపల రబ్బరు పూత ఉంటుంది. మామూలు గుడ్డలా కాదు, ఒకసారి సూది దిగితే ఆ బెజ్జం మళ్ళీ పూడదు. ఆడపడుచు వేసిన బెజ్జాలు ఉన్నాయి. వాటి మధ్య మధ్యన తాను వరసల మీద వరసలు వేసిన బెజ్జాలు ఉన్నాయి. గుడ్డను జల్లెడ చేసి దాని మీద గట్టిగా కుట్టానని మురిసిపోయింది. ఇన్నేళ్ళు చివికిన సంచులు చూసిన కళ్ళకు అది తెలియనిదా? తెలుసు. కానీ తన చెయ్యి పడితే గట్టిపడుతుందన్న ధీమాలో ఆ తెలిసింది అడుగున పడిపోయింది.

గోడవారన దొంతర వైపు తిరిగింది. అవన్నీ ఎల్లుండి షాపుకు వెళ్ళాలి. అక్కడి నుంచి పిల్లల వీపుల మీదకు.

ముందు పెద్దాయనకు ఫోను చేసింది. "బాబాయిగారూ, ఎల్లుండి కావు. పట్టీల దగ్గర తేడా వచ్చింది. సరిచేసి ఇస్తాను."

"బడులు తెరిచే ముందు నా షాపులో కొక్కేలు ఖాళీగా ఉంటే జనం పక్క షాపుకి పోతారమ్మా," అన్నాడాయన. "సోమవారం పొద్దున బండి పంపిస్తాను. అప్పటికి లేకపోతే ఇక నా దారి నేను చూసుకుంటాను."

ఫోను పెట్టేసి, చినిగిన ముక్క చేతిలో పట్టుకుని వీధి దాటింది జిప్పులక్క. రోజూ పదిసార్లు దాటే వీధే. ఆ రోజు మాత్రం ఎదురింటి గోడ మీద పెచ్చులు ఎక్కడెక్కడ ఊడాయో కూడా చూసుకుంటూ నడిచింది. ఆడపడుచు ఇంట్లో రేడియో మోగడం లేదు. మిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఆమె గుమ్మంలో కూర్చుని, నానబెట్టిన గింజల పొట్టు తీస్తోంది. తల ఎత్తలేదు.

జిప్పులక్క పక్కన కూర్చుని చినిగిన ముక్క ఆమె ఒళ్ళో పెట్టింది.

ఆడపడుచు చూడకూడదనుకుంది. కానీ చేతులు ఊరుకోవు కదా. తడి చేయి తుడుచుకుని ముక్కను వెలుతురుకు పట్టి చూసింది. వేలితో బెజ్జాల వరస తడిమింది. "ఇది నా కుట్టు కాదు."

"కాదు. నాది."

"మరి నాది?"

"నీది ఇంకా షట్టరుకి వేలాడుతోంది. మీ అన్నయ్య ఇంకా ఏమేం పెట్టొచ్చా అని ఇల్లంతా వెతుకుతున్నాడు. నన్ను కూడా ఎక్కించేట్టున్నాడు."

ఆడపడుచు పెదవి బిగపట్టింది. నవ్వు ఆగింది గానీ భుజాలు కదిలాయి. "నువ్వెక్కితే నాది కూడా తెగుతుంది వదినా. నిన్ను మోసేంత కుట్టు ఏ ఫ్యాక్టరీలోనూ నేర్పరు."

"అను. ఇవాళ ఏమన్నా పడతాను."

"పడతావులే. పని పడింది కదా."

"పని పడింది. నిజమే. సోమవారానికి సరిచేయకపోతే ఆ పెద్దాయన మళ్ళీ మన గుమ్మం తొక్కడు. కానీ పని లేకపోయినా వచ్చేదాన్నే, కాస్త ఆలస్యంగా."

"ఎంత ఆలస్యంగా?"

"మీ ఆయన రోజూ వచ్చి మా డబ్బాలు చూసి పోతుంటే ఎన్నాళ్ళు ఊరుకుంటాను?"

ఈసారి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది ఆడపడుచు. ఆ తర్వాత గింజల గిన్నె పక్కకు జరిపి, మిషను మీది దుప్పటి తీసేసి, పనిమాట మొదలుపెట్టింది. "విప్పినచోట మళ్ళీ సూది దింపితే చినుగుతుంది. ఆ బెజ్జాలన్నీ మూసేట్టు పైన ఇదే గుడ్డ ముక్క ఒకటి వేసి, దాని అంచులు బెజ్జాల్లేని చోట కుట్టి, పట్టీ ఆ ముక్క మీద కుట్టాలి. పూర్తయిన సంచులైతే జిప్పు తీసి లోపలిది బయటకు తిప్పుకోవాలి. చేతులు నొప్పెడతాయి."

"పెట్టనీ. అడ్డం కుట్టు వేస్తావా? ఒక్క వరసే, చదరం లోపల. నాకు అది ఉంటే నిద్ర పడుతుంది."

"ఇదిగో, ఈ మాటే మొదటిరోజున అనాల్సింది," అంది ఆడపడుచు. "వేస్తాను. కానీ ఒకటి. నా పట్టీ నేనే లాగి చూసుకుని పంపుతాను. నచ్చకపోతే తెచ్చి నా మొహాన కొట్టు. నువ్వు బ్లేడు ముట్టుకున్నావని తెలిస్తే మాత్రం నీ జిప్పులన్నిటికీ కొవ్వొత్తి బదులు జిగురు రాస్తాను."

ఆ మూడు రోజులూ వీధికి అటూ ఇటూ మిషన్లు ఒకదానికొకటి బదులు చెప్పుకున్నాయి. మొదటి ముక్క ఇద్దరూ ఒకే మిషను దగ్గర కూర్చుని కుట్టారు. "ఇంకొంచెం లోపలికి," "అంత లోపలికెందుకు, అంచు చాలు," "అంచైతే పీచు లేస్తుంది," "లేవదు, మడిచాను చూడు." మడిచిన అంచు చూశాక జిప్పులక్క నోరు మూసుకుంది. అది తనకంటే బాగుంది. ఆ మాట పైకే అనేసింది. ఆడపడుచు అనుమానంగా చూసి, "నిజంగానా, మెచ్చుకుని విప్పే రకమా?" అంది.

బస్సాయన పట్టుబట్టి తానూ ఒక పని తీసుకున్నాడు. కుట్టిన ప్రతి సంచీ భుజాన వేసుకుని వీధి చివరిదాకా నడిచి రావడం. బొమ్మల సంచి వేసుకుని అంత పొడుగు మనిషి నడుస్తుంటే పిల్లలు వెనకాల పడ్డారు. ఆయన ఎంత మాత్రం సిగ్గుపడలేదు.

సోమవారం పొద్దున బండితోపాటు పెద్దాయన కూడా వచ్చాడు. ఒక సంచి తీసి పట్టీ లాగాడు. పట్టీ మొదట్లో వేసిన ముక్క మీద వేలు పెట్టి గీకాడు. లోపలికి చెయ్యి పెట్టి తడిమాడు. ఇంకోటి తీశాడు. జిప్పులక్క ఆయనకు టీ ఇచ్చింది, 'అయ్యో, చక్కెర వేయలేదు' అని పెద్దగా అని వెనక్కి తీసుకుంది, ఆ కంగారులో వేయకుండానే మళ్ళీ ఇచ్చేసింది.

"ఈ పట్టీ మొదట్లో కుట్టు నీది కాదే," అన్నాడాయన. "నా మనవరాలి సంచికి ఇలా లేదు."

"కాదు బాబాయిగారూ. పట్టీలు మా ఆడపడుచు కుట్టింది. నాకంటే బాగా కుడుతుంది."

"ఎక్కడుంటుంది?"

జిప్పులక్క వీధి అవతలికి చూపించింది. కిటికీలోంచి ఆడపడుచు ఇటే చూస్తోంది గానీ, పట్టుబడ్డానని తెలిసి గబుక్కున రేడియో వైపు తిరిగింది.

"బాగున్నాయి," అన్నాడు పెద్దాయన. సంచి తీసుకెళ్ళి బండిలో తానే పెట్టాడు. "ఏడాది పొడుగునా ఇవ్వగలవా? బడి సంచులతోపాటు భోజనం డబ్బా సంచులు కూడా. ఇప్పుడే చెప్పు, వేరేవాళ్ళకి మాట ఇవ్వకముందు."

ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే కాచుకుంది. చటుక్కున 'ఇస్తాను' అనేయబోయి ఆగింది. "ఒక్క నిమిషం కూర్చోండి. మా వాళ్ళని అడిగి వస్తాను."

స్టూలు వీధిలోకి నెట్టి లేచి, పెద్దాయన ఆశ్చర్యంగా చూస్తుండగానే ఎదురింటి కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడింది. ఆడపడుచు అంతా విని కూడా విననట్టే ఉంది.

"డబ్బా సంచులు కూడా అడుగుతున్నాడు. పట్టుకునే పిడి నువ్వు చేస్తావా?"

"చేస్తాను. లోపలి అస్తరు మాత్రం నా వల్ల కాదు. మేడమీద దర్జీ తాతయ్యకి ఇద్దాం, ఇంట్లో కూర్చుని విసుగెత్తి పోతున్నాడు."

"ఆయన ఎలా కుడతాడో?"

"ఎలా కావాలో చెబితే అలా కుడతాడు," అంది ఆడపడుచు. "సాయంత్రం ఇద్దరం వెళ్ళి కూర్చుని చూపిద్దాం. ఇంతకీ ఆ పెద్దాయన దగ్గర ఒప్పుకున్నావా, లేదా?"

"నిన్నడక్కుండా ఎలా ఒప్పుకుంటాను?"

"అడిగావుగా. వెళ్ళి ఒప్పుకో వదినా. పాపం, చక్కెర లేని టీ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు పెద్దమనిషి."